పల్లవిని మాత్రమే విన్నవారు

2025 మే 14వ తేదీన ఇంగ్లాండులోని మాంచెస్టరు నగరమున అమెరికను గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన సంగీతసభను ప్రారంభించుచు, పాటకు ముందు కొంతసేపు మాటలాడెను. తాను జీవితమంతయు పాడుచు వచ్చిన అమెరికా నేడు అవినీతిపరమును, అసమర్థమును, ద్రోహపూరితమును అగు ప్రభుత్వము చేతిలో చిక్కియున్నదని ఆయన ఆక్షేపణ. రెండు దినములు గడచునప్పటికి అధ్యక్షుడు డోనాల్డ్ ట్రంప్ ప్రత్యుత్తరమిచ్చెను. అందు రాజకీయ విషయము కొంత యున్నను, గాయకుని ముఖమున ముడుతలను గూర్చిన పరిహాసమే జనులకు ఎక్కువగా గుర్తుండిపోయినది. ఆయనయన్నను, ఆయన సంగీతమన్నను తనకెన్నడును ఇష్టము లేదని కూడ అధ్యక్షుడు ప్రకటించెను.

ఇట్టి వాగ్వాదములు పత్రికలకు నాలుగు నాళ్ల విందు. కాని ఈ వాగ్వాదము వెనుక నలువదియేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్ర రాజకీయులకంటె భాషాసాహిత్యములు బోధించువారికి ఎక్కువ ఉపయోగపడునట్టిది. 2020 అక్టోబరులో ఈ ట్రంప్ మహాశయుడే వ్యాధిగ్రస్తుడై వాల్టర్ రీడ్ సైనికవైద్యశాలలో ఉన్నప్పుడు, ఆయన అభిమానులు వెలుపల గుమిగూడి, జెండాలు ఊపుచు, ఒక పాటను బిగ్గరగా మ్రోగించిరి. ఆ పాటను వ్రాసి, స్వరపరచి, పాడినవాడు ఈ స్ప్రింగ్‌స్టీనే. ఆ పాట పేరు 'బార్న్ ఇన్ ది యు.ఎస్.ఎ.' అనగా 'అమెరికాలో పుట్టినవాడను' అని. యుద్ధమునుండి తిరిగివచ్చి తన దేశములోనే దిక్కులేనివాడైన సైనికుని గోడు అది. దానిని విజయగీతముగా మ్రోగించుట ఆ దినమున క్రొత్తగా జరిగిన పనియు కాదు.

సాహిత్యమును, సంగీతమును తానే కూర్చి తానే పాడువానిని మన పెద్దలు వాగ్గేయకారుడనిరి. పాశ్చాత్యుల రాక్ సంగీతములో అట్టివారు పలువురు కలరు. వారిలో స్ప్రింగ్‌స్టీన్ శ్రామికుల ఊళ్లకు ప్రతినిధిగా పేరొందినవాడు. 1949 సెప్టెంబరు 23న న్యూజెర్సీ రాష్ట్రమున జన్మించి, ఫ్రీహోల్డ్ అను చిన్న పట్టణమున పెరిగెను. తండ్రి కొంతకాలము తివాసీల మిల్లులో, కొంతకాలము ఫోర్డు మోటారు కర్మాగారములో, మరికొంతకాలము చెరసాల కాపలాలో, బస్సు నడపుటలో గడపినవాడు. ఏ పనియు నిలుకడగా దొరకలేదు. ఆ తివాసీల మిల్లు మూతపడిన పిమ్మట ఆ ఊరికి పట్టిన దైన్యము కుమారుని పాటలలో మరల మరల కనబడును.

పాట పేరే పేరుగా గల ఆల్బము 1984 జూన్ 4న వెలువడెను. అందు 12 పాటలు. వానిలో 7 పాటలు అమెరికాలో జనాదరణ పట్టికలోని మొదటి పది స్థానములలోనికి ఎక్కినవి. ప్రపంచమంతట అమ్ముడుపోయిన ప్రతులు 3 కోట్లకు పైమాట. అట్టమీద గాయకుని ముఖము లేదు: ఎరుపు తెలుపు చారల జెండా ముందు, నీలి జీన్సు తొడిగి, వెనుకజేబులో ఎర్రటోపీ దోపుకొని, వీపు చూపుచు నిలిచిన మనిషి. ఆ ఛాయాచిత్రమును తీసినది ఆనీ లీబోవిట్జ్.

ఆ పాట పుట్టుక ఎట్టిదో తెలిసినచో తరువాతి కథ యెంత విచిత్రమైనదో బోధపడును. వియత్నాము యుద్ధములో 58,000 మందికి పైగా అమెరికను సైనికులు మరణించిరి. స్ప్రింగ్‌స్టీన్ తొలినాళ్లలో పాడిన బృందమున మృదంగస్థానములో డ్రమ్ములు వాయించిన బార్ట్ హేన్స్ అను యువకుడు 1967లో ఆ యుద్ధమునకు బలియయ్యెను. స్ప్రింగ్‌స్టీన్‌కు కూడ సైన్యమునుండి పిలుపు వచ్చినది. వైద్యపరీక్షలో తప్పిపోయి ఇంటికి తిరిగివచ్చెను. తనకు బదులుగా మరియెవరో వెళ్లియుందురను తలంపు ఆయనను వీడలేదని తరువాతి మాటలను బట్టి తెలియును. యుద్ధమున గాయపడి చక్రాల కుర్చీకి పరిమితమైన రాన్ కోవిక్ ఆత్మకథను చదివి, ఆయనతో పరిచయము చేసికొనెను. 1981 ఆగస్టు 20న లాస్ ఏంజలిసులో మాజీ సైనికుల సంఘము కొరకు సభ చేసి నిధి సమకూర్చెను. అంతలో పాల్ ష్రేడర్ అను చలనచిత్ర రచయిత ఒక కథను పంపగా, ఆ కథ పేరు ఆయన కంటికి తగిలినది. అంతకుముందు 'వియత్నాం' అని వ్రాసికొనుచున్న పాటకు ఆ పేరు వచ్చి చేరినది. ష్రేడర్ చిత్రమునకు మాత్రము పేరు మార్చుకొనక తప్పలేదు. అది 1987లో 'లైట్ ఆఫ్ డే' అను పేరుతో వచ్చినది.

1982 జనవరిలో స్ప్రింగ్‌స్టీన్ అద్దెయింటి పడకగదిలో కూర్చుండి, గిటారు తోడుగా, సామాన్యమైన క్యాసెట్టు యంత్రముపై కొన్ని పాటలను పాడి నింపెను. వానిలో పెక్కింటిని వాద్యబృందము లేకయే 'నెబ్రాస్కా' అను ఆల్బముగా ఆ యేడు సెప్టెంబరులో ప్రకటించిరి. 'అమెరికాలో పుట్టినవాడను' అను పాటయు మొదట ఆ క్యాసెట్టులోనిదే! ఒంటరి గొంతుతో, నిస్పృహతో పాడిన పాట. అదే పాటను ఆ వసంతకాలమున న్యూయార్కులో వాద్యబృందముతో మరల పాడినప్పుడు, రాయ్ బిట్టన్ సింథసైజరుపై ఒక చిన్న స్వరగుచ్ఛమును అందుకొనెను. మాక్స్ వైన్‌బర్గ్ డ్రమ్ములు ఫిరంగులవలె మ్రోగినవి. సాహిత్యము మారలేదు, వేషము మారినది. లోకము విన్నది ఈ రెండవ రూపమునే.

ఇక పాటలోని కథ. పనులు లేక చచ్చిన ఊరిలో పుట్టినవాడు చిన్న తగాదాలో చిక్కుకొనును. చేతికి తుపాకి యిచ్చి పరాయిదేశమునకు పంపుదురు. తిరిగివచ్చి నూనెశుద్ధి కర్మాగారమున పని అడిగిన, అక్కడి అధికారి తన చేతిలో ఏమియు లేదనును. మాజీ సైనికుల కార్యాలయమునకు పోయినను గతి అంతే. అన్నదమ్ములలో ఒకడు ఖే సాన్ వద్ద పోరాడెను; అతడు పోయినాడు, శత్రువు మాత్రము అక్కడనే ఉన్నాడు. (ఖే సాన్ ముట్టడిలో 1968న ఎదురు నిలిచినది ప్రధానముగా ఉత్తర వియత్నాము సేనయే కాని పాటలో చెప్పిన గెరిల్లాలు కారని చరిత్రజ్ఞులు చిన్న సవరణ చెప్పుదురు. శోకించు తోబుట్టువునకు ఈ భేదముతో పనియేమి?) సోదరుని ప్రేమించిన స్త్రీ సైగానులో మిగిలినది; చేతిలో మిగిలినది ఒక ఛాయాచిత్రము. చివరి చరణమున కథానాయకుడు చెరసాల నీడలో, కర్మాగారపు మంటల ప్రక్కన, పోవుటకు చోటు లేక నిలిచియుండును. ఇది కల్పన మాత్రమే కాదు. యుద్ధమున చల్లిన 'ఏజెంట్ ఆరెంజి' విషరసాయనమువలన రోగములపాలైన సైనికులు వేసిన వ్యాజ్యములో, ఉత్పత్తిదారులు 18 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది 1984 మే 7న, అనగా ఆల్బము వెలువడుటకు నెలనాళ్లు కూడ లేని సమయమున.

పల్లవి యొక్కటే పాటను మోయుచున్నది. అది పేరులోని మాటలే. అది పాటలో మరల మరల వచ్చును. ఇచ్చటనే అలంకారశాస్త్రము చదివినవారికి పని కలదు. ఈ పల్లవిని వ్యాజస్తుతియని తేల్చివేయవచ్చునా? పైకి స్తుతి, లోన నింద అని విమర్శకులు చాలమంది అట్లే వ్రాసినారు. అది సగము మాత్రమే సరి. ఇది కాకువు. మాట ఒకటే, పలుకు తీరునుబట్టి అర్థము మారుట. మొదటి చరణము తరువాత అది కేవలము జన్మవృత్తాంతము. తుపాకి చేతికిచ్చిన చరణము తరువాత అది మొర. పని లేదన్నప్పుడు ప్రశ్న: ఇచ్చట పుట్టినవాడను కదా, నాకిచ్చట చోటు లేదా? చివర నది అర్థము విడిచిన అరపుగా మారును. అయినను అందు అభిమానము లేకపోలేదు. తలుపు మూసిన యింటి యెదుట నిలిచి, 'ఈ యింటి బిడ్డను నేను' అని కేకవేయువానికి ఆ యింటిపై ద్వేషము మాత్రమే యుండునా? చెరసాలలోనుండి రాముని తిట్టిన రామదాసు కీర్తనలు విన్న తెలుగువారికి ఈ భావము క్రొత్త కాదు. కేవలము వ్యంగ్యమని చెప్పువారు, కేవలము జయధ్వానమని చెప్పువారు, ఉభయులును ఆ సైనికునికి అన్యాయము చేసినవారే.

1984 ఆగస్టు చివర వాషింగ్టను చెంతనున్న సభకు జార్జ్ విల్ అను ప్రసిద్ధ పత్రికారచయిత వెళ్లెను. శబ్దమునకు జడిసి చెవులలో దూది పెట్టుకొన్నట్లు తానే వ్రాసికొనెను. సెప్టెంబరు 13న ఆయన వ్యాసము వెలువడినది. ఈ గాయకుడు ఏడుపుగొట్టు మనిషి కాడనియు, మూతపడిన మిల్లులను గూర్చి పాడినను ప్రతిసారియు ఉల్లాసవంతమైన దేశాభిమానఘోషతో ముగించుననియు దాని సారాంశము. దూదిలోనుండి పల్లవి దూరినది, చరణములు దూరలేదు!

ఆరు దినముల పిమ్మట, సెప్టెంబరు 19న, న్యూజెర్సీలోని హామంటనులో ఎన్నికల సభయందు అధ్యక్షుడు రోనాల్డ్ రేగన్, ఈ రాష్ట్రపు బిడ్డ స్ప్రింగ్‌స్టీన్ పాటలలోని ఆశాసందేశమును మెచ్చుకొని, ఆ కలలను నిజము చేయుటయే తన పని యని చెప్పెను. సెప్టెంబరు 21న పిట్స్‌బర్గు సభలో గాయకుడు దీనిని ప్రస్తావించెను. అధ్యక్షునికి తన ఆల్బములలో ఏది ప్రియమైనదో అని ఆలోచించితిననియు, 'నెబ్రాస్కా' అయియుండదని తోచినదనియు చమత్కరించి, వెంటనే 'జానీ 99' పాటను పాడెను. మోటారు కర్మాగారము మూతపడి, పని పోయి, అప్పులపాలై, మద్యపు మైకములో హత్య చేసి 99 ఏండ్ల శిక్ష పొందినవాని కథ అది. ఆ పాటను విన్న నగరము ఎట్టిది? ఉక్కు కర్మాగారములు వరుసగా మూతపడుచుండగా వేలాది కుటుంబములు వీథిన పడిన నగరము. అప్పుడాయన అక్కడి ఉక్కు కార్మికసంఘము నడపుచున్న ఆహారనిధికి విరాళమిచ్చెను. ఒక మాటయు తిట్టకుండ, ఒక పాటతో సమాధానము చెప్పుట ఉత్తమమైన పద్ధతి. నలువదియేండ్ల పిమ్మట ఆయన ఆ పద్ధతిని ఎందులకు విడిచెనో ముందు చూతము.

ప్రతిపక్షమువారు తక్కువ తినలేదు. డెమొక్రాటిక్ అభ్యర్థి వాల్టర్ మాండేల్ గాయకుడు తన పక్షమేనని ప్రకటించి, అది నిజము కాదని గాయకుని వర్గమువారు తెలుపగా వెనుకకు తీసికొనవలసివచ్చినది. నవంబరులో రేగన్ 50 రాష్ట్రములలో 49 గెలిచెను. పాట వలన గెలువలేదు, పాట వలన ఓడనూలేదు.

పరీక్షాపత్రములలో సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయించునది ఎందులకని విద్యార్థులు విసుగుకొనుట కలదు. ఎవరు, ఎవరితో, ఎప్పుడు పలికిరి అను మూడు ప్రశ్నలు వేసికొని యున్నచో, జార్జ్ విల్ వంటి పండితునకును, దేశాధ్యక్షుని ఉపన్యాసము వ్రాసినవారికిని ఈ పొరపాటు జరుగకపోవును. పల్లవిని పలికినవాడు గాయకుడు కాదు, పని దొరకని సైనికుడు. విన్నవాడు కర్మాగారపు అధికారి. ఈ చిన్న సంగతిని గుర్తింపకయే ఒక దేశము ఒక ఎన్నికల ఋతువంతయు పాడుకొన్నది.

అయితే తప్పంతయు వినువారిదేనా? గాయకుని పక్షము వహించువారు ఈ ప్రశ్నను సాధారణముగా దాటవేయుదురు. విషాదగీతమునకు విజయభేరివంటి వాద్యములు కూర్చినది ఎవరు? అట్టపై జెండా పరపించినది ఎవరు? వేలమంది నిండిన క్రీడారంగములో, పిడికిలి యెత్తి, పల్లవిని జనులందరిచే పలికించినది ఎవరు? సాహిత్యము ఒక దెస లాగుచుండ సంగీతము మరియొక దెస లాగినప్పుడు, పది మందిలో ఎనమండుగురు సంగీతము వెంటనే పోవుదురు. అది శ్రోతల మూఢత్వము కాదు, సంగీతపు స్వభావము. తన ఉత్తమ రచనలలో ఇది యొకటియనియు, ఎక్కువగా అపార్థము చేసికొనబడినదియు ఇదేననియు స్ప్రింగ్‌స్టీన్ 2016 నాటి ఆత్మకథలో అంగీకరించెను. 1995 తరువాత ఒంటరిగా సభలు చేసినప్పుడు ఈ పాటను డ్రమ్ములు లేక గిటారుపై మాత్రమే పాడి, దానిని మరల సైనికునికి అప్పగించుటకు ప్రయత్నించెను. అయినను రెండు రూపములలో ఏది గొప్పదని అడిగినచో, ఆ గర్జించు రూపమే గొప్పదని ఒప్పుకొనక తప్పదు. బాధను నెమ్మదిగా చెప్పిన జాలి కలుగును. బాధపడువాడు ఇంకను గర్వముతో అరచుచున్నాడన్నచో వెన్ను జలదరించును. ఆ ప్రమాదమును ఎరిగియే ఆయన స్వీకరించెనేమో!

ఆల్బములోని తక్కిన పాటలలో నృత్యమునకు పనికివచ్చునవి, పడుచువారి విరహములు కొన్ని కలవు. 'డాన్సింగ్ ఇన్ ది డార్క్' అనునది, ఇంకొక జనరంజకమైన పాట కావలెనని నిర్మాత జాన్ లాండౌ పట్టుబట్టగా, కోపముతో ఒక్క రాత్రి వ్రాసినదట. చిట్టచివరిదగు 'మై హోమ్‌టౌన్' మాత్రము మొదటి పాటకు జోడు. తండ్రి కొడుకును ఒడిలో కూర్చుండబెట్టుకొని కారు నడపుచు ఇది నీ ఊరని చూపును. నల్లవారికి, తెల్లవారికి జరిగిన కలహములు, మూతపడిన వస్త్రముల మిల్లు కన్నులయెదుట సాగిపోవును. పెరిగిన కొడుకు తన కొడుకునకు అదే ఊరిని, విడిచిపోవుటకు ముందు, అదే తీరున చూపును. అరపు లేదు, జెండా లేదు.

పరదేశములలో ఈ పల్లవికి వేరు గతి పట్టినది. 1988 జూలై 19న తూర్పు బెర్లినులోని వైసెన్‌సేలో జరిగిన సభకు లక్షన్నరకు పైగా జనులు వచ్చిరి. అడ్డుగోడలన్నియు ఒకనాటికి కూలునని ఆశించుచున్నట్లు ఆయన జర్మను భాషలో చెప్పెను. అమెరికాలో పుట్టినవాడనని తూర్పు జర్మనుల పిల్లలు గొంతెత్తి పాడిరి. కొందరు ఇంటిలో కుట్టుకొన్న అమెరికను జెండాలు ఊపిరి. తాము పుట్టని దేశములో పుట్టినామని పాడుట అపార్థమే. కాని గోడలోపల పుట్టినవారి అపార్థమునకు, ఓట్ల కొరకు చేయు అపార్థమునకు భేదము లేదా? పదునారు నెలలకు గోడ కూలినది. పాటయే కూల్చినదని వ్రాయువారు కలరు; అది అభిమానుల అతిశయోక్తి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 30న, మానవహక్కుల సార్వజనీన ప్రకటన నలువదవ వత్సరము సందర్భముగా ఆమ్నెస్టీ సంస్థ జరిపిన యాత్రలో, ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ క్రీడారంగమున కూడ ఆయన పాడెను.

పాట ఎవరి సొత్తు అను ప్రశ్నకు చట్టము చెప్పు సమాధానము చాల ఇరుకైనది. అమెరికాలో సభాస్థలములవారు స్వరకర్తల సంఘములకు మొత్తముగా రుసుము చెల్లించినచో ఆ సంఘముల జాబితాలోని పాటలను మ్రోగించుకొనవచ్చును. రాజకీయ సభలనుండి తమ పాటలను తొలగింపుమని కర్తలు కోరుటకు కొంత వీలు కలదు. ఎడ్డీ గ్రాంట్ అను గాయకుడు తన పాటను అనుమతి లేక ఎన్నికల వీడియోలో వాడినందుకు ట్రంప్‌పై వ్యాజ్యము వేయగా, 2024 సెప్టెంబరులో న్యూయార్కు న్యాయస్థానము గాయకుని పక్షమున తీర్పు చెప్పినది. అయితే ఇవన్నియు ఆస్తి తగాదాలు. పాటను దొంగిలించినవానిని చట్టము పట్టుకొనును. అర్థమును దొంగిలించినవానిని పట్టుకొను చట్టము లేదు. స్ప్రింగ్‌స్టీన్ తన పాటల హక్కులన్నిటిని 2021 డిసెంబరులో సోనీ సంస్థకు విక్రయించెను. వెల సుమారు 50 కోట్ల డాలర్లని వార్త. 1980లలో ఈ పాటను కారుల ప్రకటనకు ఇమ్మని క్రైస్లర్ సంస్థ అడిగినప్పుడు నిరాకరించిన మనిషి ఈయనయే. 2022లో ఆయన సభలకు కొన్ని టిక్కెట్లు గిరాకిని బట్టి 5,000 డాలర్ల వరకు పెరిగినప్పుడు, ఆయన పాటలలోని మిల్లు కార్మికుడు ఆ సభకు రాగలడా అని అభిమానులే అడిగిరి. ఆ ప్రశ్నకు సంతృప్తికరమైన సమాధానము రాలేదు. కార్మికుల కవి కోటీశ్వరుడగుట నేరము కాదు. కాని ఆయన దేశమును గూర్చి తీర్పు చెప్పునప్పుడు ప్రత్యర్థులకు చేతికందు రాయి అది.

2025 అక్టోబరులో 'నెబ్రాస్కా' కాలమును గూర్చిన చలనచిత్రమొకటి విడుదలయైనది. ఆ మాసముననే ఆనాటి రికార్డింగులు మరికొన్ని వెలువడినవి. వానిలో 'అమెరికాలో పుట్టినవాడను' పాట తొలిరూపములును కలవు. ఇప్పుడు ఆసక్తి గల విద్యార్థి ఒకే సాహిత్యమును వేర్వేరు సంగీతములతో ప్రక్కప్రక్కన పెట్టి వినవచ్చును. కాకువును బోధించుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము తరగతిగదిలో దొరకుట కష్టము.

ఇక మాంచెస్టరు సంగతి. 1984లో ఒక పాటతో సమాధానము చెప్పి ఊరకున్న గాయకుడు 2025లో పాటకు ముందు వచనమును ఆశ్రయించెను. తన ప్రసిద్ధమైన పాటను నలువది సంవత్సరములు తలక్రిందుగా విన్న జనమునకు, ఈసారి వాచ్యార్థము తప్ప మరేదియు అందదని ఆయన తలచినట్లున్నది. వాచ్యముగా చెప్పుటవలన కావ్యమునకు నష్టమే. అందులకు ఆయన తెగించెను. సభ జరిగిన వారమునకే, మే 21న, ఆ సభనుండి ఒక చిన్న సంకలనమును విడుదల చేసిరి. అందు పాటలు నాలుగు. వానితోపాటు ఆయన ఉపన్యాసములను కూడ వేరుగా, పాటలతో సమానమైన అంశములుగా చేర్చిరి. 'అమెరికాలో పుట్టినవాడను' అను పాట మాత్రము అందు లేదు.